“ఆయన కొట్టరండీ”: దెబ్బలు కనిపించని గృహహింస, ఒక కేసు

ముప్పై దాటిన వివాహిత. ఉద్యోగం చేస్తారు. ప్రాథమిక పాఠశాలలో చదివే బాబు ఉన్నాడు. ఏడాదికి పైగా తలనొప్పి, గుండెదడ, నిద్ర పట్టకపోవడం. రక్తపరీక్షలు, థైరాయిడ్, ఈసీజీ, తల స్కాన్ అన్నీ నార్మల్. “టెన్షన్ వల్ల కావచ్చు, ఒకసారి చూడగలరు” అని ఫిజీషియన్ రాసిన చీటీతో నా దగ్గరికి వచ్చారు. నేను ఆసుపత్రిలో క్లినికల్ సైకాలజిస్టుని. ఈ కేసు రాయడానికి ఆమె ఒప్పుకున్నారు. వయసు, ఉద్యోగం, కుటుంబ వివరాలు, సంఘటనల వరుస మార్చాను. పేరు పెట్టలేదు.

ఇందులో విరిగిన ఎముక లేదు, కమిలిన చర్మం లేదు, పోలీసు ఫిర్యాదు లేదు. హింస అనే మాట ఆమె నోట రావడానికి నెలలు పట్టింది. ఇలాంటి ఇళ్లను గుర్తుపట్టడం ఎలాగో డాక్టర్లకీ నర్సులకీ కౌన్సెలర్లకీ, అంతకంటే ముఖ్యంగా పక్కనుండే స్నేహితులకీ తోబుట్టువులకీ తెలియాలని ఇంత వివరంగా రాస్తున్నాను.

మొదటి రోజు

భార్యాభర్తలిద్దరూ కలిసి వచ్చారు. ఫైలు ఆయన చేతిలో ఉంది. రిపోర్టులన్నీ తేదీల వారీగా సర్ది, పైన లక్షణాల జాబితా రాసి తెచ్చారు. మర్యాదస్తుడు, నెమ్మదిగా మాట్లాడతారు. “తనకి చిన్న విషయానికే కంగారు మేడమ్. మతిమరుపు కూడా ఎక్కువైంది. నేను చూసుకోకపోతే ఇంట్లో ఏ పనీ కాదు” అన్నారు. తలనొప్పి ఏ వేళలో వస్తుందని ఆమెను అడిగాను. ఆమె ఆయన వైపు చూశారు, ఆయన జవాబు చెప్పారు. నిద్ర సంగతి అడిగితే అదీ ఆయనే చెప్పారు.

భార్య ఆరోగ్యం మీద నిజంగా శ్రద్ధ ఉన్న భర్తలు కూడా ఇలాగే ఫైలు పట్టుకుని వస్తారు. అంతమాత్రాన అనుమానించడం అన్యాయం. నాకు పట్టించుకోవాల్సినదిగా తోచింది తర్వాత జరిగిన చిన్న సంగతి. మళ్లీ మంగళవారం వస్తారా, గురువారం వస్తారా అని ఆమెను అడిగాను. ఆమె భర్త వైపు తిరిగి “మీరు చెప్పండి” అన్నారు. ఆయన నవ్వి “నీ ఇష్టం, అడుగుతున్నది నిన్నే కదా” అన్నారు. ఆ మాటతో ఆమె తేలికపడాలి. దానికి బదులు ఒళ్లో ఉన్న రెండు చేతులూ బిగుసుకున్నాయి, పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. ఇష్టమొచ్చింది చెప్పమంటే భయపడ్డారు. చాలా రోజుల తర్వాత ఆమే దాన్ని వివరించారు: “నీ ఇష్టం అన్నారంటే పరీక్ష పెట్టినట్టే మేడమ్. ఏది చెప్పినా రాత్రికి అది తప్పవుతుంది.”

ఆయన ముందు నేను ఇంకేమీ అడగలేదు. ఇందులో మొహమాటం లేదు. హింసించే మనిషి ఎదుట ఇంట్లో హింస ఉందా అని అడిగితే ఆమె లేదనే చెప్పాలి, పైగా ఆ ప్రశ్న ఎందుకు వచ్చిందో ఇంటికెళ్లాక సంజాయిషీ ఇచ్చుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013 మార్గదర్శకాలు కూడా ఏకాంతం లేకుండా ఈ విషయం ఎత్తవద్దనే చెబుతాయి. కుటుంబ సభ్యులెవరైనా వినేచోట వద్దు. మాటలు అర్థమయ్యే వయసు పిల్లలు ఉన్నా వద్దు, ఎందుకంటే ఇంట్లో వాళ్లను ఆరా తీస్తారు.

మా విభాగంలో ప్రతి పేషెంటునీ కాసేపు ఒంటరిగా చూస్తాం. అందరికీ ఒకటే పద్ధతి కాబట్టి ఎవరినీ వేలెత్తి చూపినట్టు ఉండదు. ఆయనకు అదే చెప్పాను. “మా మధ్య దాపరికాలేమీ లేవు మేడమ్” అన్నారు గానీ బయట కూర్చున్నారు. తలుపు వేసిన కొద్దిసేపటికే ఆమె ఫోన్ మోగింది. రెండో రింగు పూర్తికాకుండానే ఎత్తి “ఇంకా అవలేదండీ” అన్నారు. ఫోన్‌ని తెర పైకి కనబడేలా బల్ల మీద పెట్టుకున్నారు, మాట్లాడుతున్నంతసేపూ కళ్లు దాని మీదే ఉన్నాయి.

అడగాల్సిన ప్రశ్న

ఇంట్లో ఎవరైనా మిమ్మల్ని కొడుతున్నారా అని అడిగాను. “లేదండీ, ఆయన కొట్టరు” అన్నారు. తడబాటు లేదు, నిజమే చెబుతున్నారు. ఫారంలో ‘లేదు’ దగ్గర టిక్కు పెట్టి ఊరుకుంటే ఈ కేసు అక్కడితో అయిపోయేది.

రెండో ప్రశ్న వేశాను. “ఆయనకు నచ్చని పని మీరు చేస్తే ఏమవుతుంది?”

చాలాసేపు ఆలోచించి, “నేను చెయ్యను కదండీ” అన్నారు.

ఇన్నేళ్లలో ఇంతకంటే స్పష్టమైన జవాబు నేను వినలేదు. మామూలు కాపురాల్లో ఈ ప్రశ్నకి “గొడవపడతాం”, “అలుగుతారు”, “ఏమవుతుంది, ఏమీ కాదు” లాంటి సమాధానాలు వస్తాయి. ఆమె దగ్గర సమాధానమే లేదు. నచ్చని పని చేసే అవకాశాన్ని తన జీవితంలోంచి ఆమె ఎప్పుడో తీసేసుకున్నారు. పోయినసారి అలా జరిగినప్పుడు ఏమైందని అడిగితే నెమ్మదిగా చెప్పారు. ఆఫీసులో ఎవరిదో వీడ్కోలు కార్యక్రమం ఉండి గంట ఆలస్యంగా ఇంటికెళ్లారు. ఆయన అరవలేదు, చెయ్యెత్తలేదు. పన్నెండు రోజులు ఆమెతో మాట్లాడలేదు. ఏం కావాలన్నా బాబుతో చెప్పించేవారు. పదమూడో రోజు ఆమె క్షమాపణ రాసిచ్చారు, కాగితం మీద, సంతకం పెట్టి. ఆ కాగితం ఆయన దాచుకున్నారు.

ఆ రోజు ఇంతకన్నా ముందుకు వెళ్లలేదు. మీరు చెప్పింది నమ్ముతున్నాను, ఇందులో మీ తప్పేమీ లేదు, ఎప్పుడు మాట్లాడాలనిపించినా ఇక్కడ మాట్లాడవచ్చు అని చెప్పాను. కరపత్రం ఇవ్వలేదు, హెల్ప్‌లైన్ కార్డు ఇవ్వలేదు, ఎందుకంటే ఆమె బ్యాగు రోజూ వెతుకుతారని అప్పటికే తెలిసింది. చీటీ మీద ‘తలనొప్పి, ఫాలో అప్’ అని మాత్రం రాశాను.

చిన్న నోట్‌బుక్

తర్వాతి సిట్టింగుల్లో ఒకసారి బ్యాగులోంచి రుమాలు తీస్తుంటే చిన్న నోట్‌బుక్ కింద పడింది. చూడవచ్చా అని అడిగాను. ప్రతి పేజీలో నాలుగు గడులు: తేదీ, టైము, మొత్తం, ఎందుకు. ఆమె రాత గుండ్రంగా ఉంది. అక్కడక్కడా ఎర్ర ఇంకుతో వేరే చేతిరాత, “ఇంత ఎందుకు?”, “బిల్లు?”, “మళ్లీనా?” అని. ఒకచోట బాబుకి కొన్న పెన్సిళ్ల డబ్బా. దాని పక్కన ‘ఎందుకు’ గడి చాలక, పాత డబ్బా ఎలా పోయిందో, బాబు ఏ రోజు అడిగాడో, చవకది దొరకలేదని, నాలుగు వరుసలు అంచుదాకా ఇరికించి రాశారు. ఆమె జీతం భర్త జీతానికి దాదాపు సమానం. ఆ జీతం పడే ఖాతా కార్డు, పాస్‌వర్డు, ఓటీపీలు వచ్చే నంబరు అన్నీ ఆయన దగ్గరే.

నోట్‌బుక్ దగ్గర మొదలైన మాట మెల్లగా మిగతావాటి మీదికి వెళ్లింది. ఆఫీసుకు చేరగానే తన సీటు ఫొటో తీసి పంపాలి. ఫోన్‌లో లొకేషన్ ఎప్పుడూ ఆన్‌లో ఉండాలి. అక్కతో స్పీకర్ పెట్టి మాట్లాడాలి. పెళ్లయిన కొత్తలో స్నేహితులు చాలామందే ఉండేవారు. ఒక్కొక్కరిలో ఒక్కో తప్పు వెతికి దూరం పెట్టించారు. ఆయన ఎవరినీ కలవొద్దని అనలేదు, కలిసొచ్చిన ప్రతిసారీ మూడు రోజులు ఇల్లు నరకమయ్యేది, అంతే. “నాకే వాళ్లతో పడదని మానేశాను అనుకున్నాను” అన్నారు.

రాత్రి రెండింటికి లేపి “సాయంత్రం మాట పూర్తి కాలేదు” అని మళ్లీ మొదలుపెట్టేవారట. వారంలో కొన్ని రాత్రులు అలా గడిస్తే తలనొప్పికీ గుండెదడకీ వేరే కారణం వెతకాల్సిన పని ఉండదు. పడకగదిలో వద్దనే హక్కు తనకుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మతిమరుపు సంగతి విడిగా చెప్పాలి. తాళాలు ఒకచోట పెడితే ఇంకోచోట దొరికేవి. “నీతో చెప్పాను, మర్చిపోయావు” అని ఆయన రోజూ అనేవారు. తన బుర్ర పాడైపోతోందని ఆమె గట్టిగా నమ్మారు. పిచ్చిదని తేలితే బాబుని తన నుంచి తీసేసుకుంటారన్న భయం ఆమెకు నిద్ర లేకుండా చేసే వాటిలో మొదటిది. జ్ఞాపకశక్తి పరీక్షలు పూర్తిగా చేశాను. అన్నింటిలోనూ ఆమె వయసువారికి ఉండాల్సిన స్థాయిలోనే, కొన్నింటిలో అంతకంటే మెరుగ్గానే మార్కులు వచ్చాయి. స్కోరు షీటు ఆమె ముందు పెట్టి ఒక్కో వరుసా చూపించాను. రెండుసార్లు మొదట్నుంచి చదువుకుని, “అయితే నేను బాగానే ఉన్నానా?” అని అడిగారు. చికిత్స నిజంగా మొదలైంది అక్కడే. ఎదుటి మనిషి తన కళ్లనీ జ్ఞాపకాన్నీ తానే నమ్మకుండా చేయడాన్ని గ్యాస్‌లైటింగ్ అంటారు. దీనికి విరుగుడు ఓదార్పు మాటల్లో దొరకదు, ఆమె తన చేత్తో పట్టుకుని చూసుకోగల రుజువు కావాలి.

వీటిలో ఏ ఒక్కటి విడిగా తీసినా చిన్నదిగానే కనబడుతుంది. ఖర్చు రాసుకోవడం మంచి అలవాటే కదా అంటారు, లొకేషన్ ఆన్‌లో ఉంచడం జాగ్రత్తే కదా అంటారు. అన్నీ ఒకే దిక్కుకు లాగుతున్నాయా అన్నది చూడాలి. ఎవాన్ స్టార్క్ అనే సామాజిక శాస్త్రవేత్త 2007లో దీన్ని నిర్బంధ నియంత్రణగా వివరించారు. అంటే ఒంటరిని చేయడం, డబ్బూ సమయమూ తిండీ నిద్రా అదుపులో పెట్టుకోవడం, నిఘా పెట్టడం, అవమానించడం, వీటన్నింటితో మనిషి స్వేచ్ఛను కొంచెం కొంచెంగా లాగేసుకోవడం. అంతకుముందే 1984లో అమెరికాలోని డులూత్ పట్టణంలో హింసకు గురైన స్త్రీలతో మాట్లాడి, వాళ్ల అనుభవాల నుంచే ‘అధికారం, నియంత్రణ చక్రం’ అనే బొమ్మ తయారుచేశారు. ఆ బొమ్మ నేను ఆమెకు చూపించాను. వేలు ఒక్కో గడి మీద పెట్టి “ఇది ఉంది... ఇదీ ఉంది” అంటూ చివరిదాకా వెళ్లి, “ఇది రాసినవాళ్లకి మా ఇల్లు ఎలా తెలుసు?” అన్నారు.

బంధువులందరూ ఆయనకు కోపం ఎక్కువని అనేవారట. కోపమే సమస్య అయితే అది పై అధికారి మీదా, పొరుగువారి మీదా కూడా రావాలి. ఆయన ఆఫీసులో ఎంతో ఓర్పు గల మనిషిగా పేరు తెచ్చుకున్నారు. ఆ కోపానికి ఎక్కడ బయటపడాలో, ఎక్కడ లోపలుండాలో బాగా తెలుసు. అందుకే కోపాన్ని అదుపు చేసుకునే శిక్షణ ఇస్తే ఇది తీరిపోతుందని నేను నమ్మను.

“మెడ మీద చేయి వేశారు, కొట్టలేదు”

నాలుగు నెలల పరిచయం తర్వాత ఒకరోజు, వేరే ఏదో చెబుతూ మధ్యలో అన్నారు: “ఒక్కసారి మెడ మీద చేయి వేశారు. కొట్టలేదు.” ఎలా వేశారని అడిగాను. తన చేత్తో తన గొంతు పట్టుకుని చూపించారు. కళ్లు బైర్లు కమ్మాయట, తర్వాత రెండు రోజులు గొంతు బొంగురుపోయిందట, మింగితే నొప్పేసిందట. పైకి ఏ గుర్తూ లేదు కాబట్టి ఆమె దాన్ని లెక్కలో వేసుకోలేదు.

ఇక్కడ కేసు దిశ మారింది. గొంతు నులమడం గృహహింసలో అత్యంత ప్రమాదకరమైన సంకేతాల్లో ఒకటి. 2008లో అమెరికాలో ప్రచురించిన ఒక అధ్యయనంలో, అంతకుముందు ఒక్కసారైనా గొంతు నులమడానికి గురైన స్త్రీలు తర్వాత హత్యకు గురయ్యే అవకాశం ఏడు రెట్లకు పైగా ఎక్కువని తేలింది. చాలామందికి చర్మం మీద మచ్చ కూడా పడదు. మెడలోని రక్తనాళం లోపల చీలితే, పైకి అంతా బాగున్నట్టే ఉండి రోజుల తర్వాత పక్షవాతం రావచ్చు. అందుకే ఎవరైనా ఈ మాట చెబితే, మింగడంలో ఇబ్బంది, గొంతు మారడం, ఊపిరాడకపోవడం, స్పృహ తప్పడం, చేయీ కాలూ బలహీనపడటం ఉన్నాయా అని అడిగి వెంటనే డాక్టరుకు చూపించాలి. మా కేసులో ఆ ఘటన జరిగి నెలలైనా, ఫిజీషియన్‌తో మాట్లాడి నరాల పరీక్ష చేయించాను. ఇబ్బందేమీ కనబడలేదు.

అదే రోజు ప్రమాద అంచనా ప్రశ్నావళి పూర్తిచేశాం. జాక్వెలిన్ క్యాంప్‌బెల్ అనే నర్సు, పరిశోధకురాలు 1980లలో తయారుచేసిన ప్రశ్నలు ఇవి. హింస ఈమధ్య పెరిగిందా, గొంతు నులిమాడా, ఇంట్లో ఆయుధం ఉందా, చంపుతానన్నాడా, మీ రోజువారీ పనులన్నీ అదుపులో పెట్టుకుంటాడా, వెంబడిస్తాడా, తాను చచ్చిపోతానని బెదిరిస్తాడా, అతను మిమ్మల్ని చంపగలడని మీకు అనిపిస్తోందా అని అందులో అడుగుతారు. చివరి ప్రశ్నకు ఆమె “అవును” అనడానికి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. ఆయన కొట్టరని చెప్పిన మనిషే.

వదిలేసి రావచ్చు కదా అనేవాళ్లకు ఇదే క్యాంప్‌బెల్ బృందం 2003లో వెల్లడించిన ఇంకో ఫలితం చెబుతాను. పదకొండు నగరాల్లో జరిగిన ఆ పరిశోధనలో, భాగస్వామి విపరీతంగా నియంత్రించేవాడై, స్త్రీ అతన్ని విడిచి వెళ్లినప్పుడు హత్య ప్రమాదం దాదాపు తొమ్మిది రెట్లు పెరిగింది. గడప దాటడమే అత్యంత ప్రమాదకరమైన ఘట్టం. ఆమె ఇన్నేళ్లూ ఉండిపోవడంలో పిరికితనం కంటే లెక్క ఎక్కువ ఉంది. ఆ లెక్క ఆమెకు మనకంటే బాగా తెలుసు. అందుకే నేను ఏ క్లయింటునూ బయటికి రమ్మని తొందరపెట్టను. అలా తొందరపెట్టడం కూడా ఆమె తరఫున ఇంకొకరు నిర్ణయం తీసుకోవడమే అవుతుంది.

చేసిన పనులు, చెయ్యనివి

ముందు చెయ్యనిది చెబుతాను. “ఇద్దరికీ కలిపి కౌన్సెలింగ్ ఇవ్వండి మేడమ్, నావైపు కూడా వినాలి కదా” అని ఆయన రెండుసార్లు అడిగారు. మర్యాదగా కాదన్నాను. ఇద్దరూ సమానంగా నోరు విప్పగలిగితేనే జంట కౌన్సెలింగ్ పనిచేస్తుంది. భయం ఉన్నచోట ఆమె నిజం చెప్పలేదు, చెబితే దారిలోనే దానికి శిక్ష పడుతుంది. పెద్దవాళ్లను కూర్చోబెట్టి రాజీ చేయించడానికీ ఇదే వర్తిస్తుంది. ఆ పని ఆమె కుటుంబం అప్పటికే ఒకసారి చేసింది. అందరి ముందూ ఆయన కన్నీళ్లు పెట్టుకున్నారు, ఆ రాత్రే మెడ మీద చేయి పడింది.

భద్రతా ప్రణాళిక ఆమే తయారుచేశారు, నేను ప్రశ్నలు అడుగుతూ పోయానంతే. గొడవ ముదిరే ముందు ఆయనలో ఏం కనబడుతుంది? గొంతు తగ్గిస్తారు, తలుపులు మూస్తారు. అప్పుడు మీరు ఎక్కడ ఉండకూడదు? వంటగదిలో, స్నానాలగదిలో. అంటే చేతికి ఏదో ఒకటి అందేచోటా, బయటికి దారి లేనిచోటా. ఎటు వెళ్లాలి? వీధి తలుపు వైపు. బాబు ఏం చెయ్యాలి? మధ్యలోకి రాకూడదు, పక్కింటికి పరిగెత్తాలి. అంతకుమించి బాబుకి ఏమీ చెప్పవద్దనుకున్నాం. “అమ్మ ఈరోజు ఎవరితో మాట్లాడింది?” అని తండ్రి రోజూ వాడిని అడుగుతారు. ఆ వయసు పిల్లాడి మీద రహస్యం మోయమని బరువు పెట్టకూడదు.

ఫోన్ విషయంలో చాలామంది పొరపడతారు. నిఘా ఉందని తెలియగానే లొకేషన్ ఆపేయాలని, పాస్‌వర్డులు మార్చాలని సలహా ఇస్తారు. అకస్మాత్తుగా ఆగితే ఆయనకు తెలిసిపోతుంది, ప్రమాదం అదే రోజు రావచ్చు. ఆమె ఫోన్‌ని ఉన్నది ఉన్నట్టే వదిలేశాం. మెసేజింగ్ యాప్ ఆయన ల్యాప్‌టాప్‌కి లింక్ అయి ఉందని, ఫొటోలు ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్న ఖాతాలోకి వెళ్తున్నాయని ఆఫీసులో కూర్చుని చూసి తెలుసుకున్నారు. సహాయానికి సంబంధించిన మాటలన్నీ వేరే ఫోన్ నుంచే నడిచాయి.

ఆ ఫోన్ ఆమె సహోద్యోగిది. ఆవిడ గురించి తప్పకుండా రాయాలి. సీటు ఫొటో తీసి పంపడం రెండేళ్లుగా గమనిస్తూ ఉన్నారు. ఒకరోజు భోజన విరామంలో, “నేనేమీ అడగను. నాకు కనబడుతోంది, అంతే. ఎప్పుడు కావాలన్నా నా ఫోన్ వాడుకో, నా డ్రాయర్‌లో ఏదైనా దాచుకో” అన్నారట. ఎందుకు భరిస్తున్నావని అడగలేదు, భర్తను తిట్టలేదు. భర్తను తిడితే ఆమె ఆయన్ని వెనకేసుకొచ్చి దూరమయ్యేవారు. సర్టిఫికెట్లు, గుర్తింపు కార్డుల నకళ్లు, బాబు టీకాల కార్డు, మందుల చీటీ, ఇంటి మారు తాళం ఒక్కొక్కటిగా ఆ డ్రాయర్‌లో చేరాయి. అనుమానం రాకుండా కొత్త బ్యాంకు ఖాతాకి చిరునామాగా ఆఫీసే ఇచ్చారు.

చట్టం ఏమిస్తుందన్నది దేశాన్ని బట్టి మారుతుంది, కానీ కొట్టకపోతే కేసు లేదన్న కాలం చాలాచోట్ల పోయింది. ఇంగ్లండ్, వేల్స్‌లలో నిర్బంధ నియంత్రణ 2015 నుంచి నేరం, అయిదేళ్ల దాకా జైలు పడుతుంది. భారతదేశపు 2005 గృహహింస చట్టం, 2006 అక్టోబరు 26 నుంచి అమల్లో ఉన్నది, శారీరక, లైంగిక హింసలతో పాటు మాటలతో, మానసికంగా హింసించడాన్నీ, ఆర్థికంగా అణచడాన్నీ విడివిడిగా నిర్వచించింది. ఇల్లు ఎవరి పేరు మీద ఉన్నా కలిసి కాపురమున్న ఇంట్లో నివసించే హక్కు స్త్రీకి ఉంటుంది. రక్షణ ఉత్తర్వు, భరణం, పిల్లల తాత్కాలిక సంరక్షణ కోసం మేజిస్ట్రేటును అడగవచ్చు, అందుకు రక్షణాధికారి సాయం చేస్తారు. అక్కడ మహిళల హెల్ప్‌లైన్ 181, అత్యవసరానికి 112. ఆదాయంతో పనిలేకుండా స్త్రీలకు ఉచిత న్యాయ సహాయం అందుతుంది. ఏ దేశంలో ఉన్నా హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేస్తే ఫిర్యాదు చేసి తీరాలని లేదు. అనుమానం తీర్చుకోవడానికి కూడా చేయవచ్చు. మా క్లయింటు మొదటిసారి ఫోన్ చేసి అడిగింది “ఇలాంటిది కూడా లెక్కలోకి వస్తుందా అండీ?” అని మాత్రమే. వస్తుందన్నారు. ఆ రోజుకు అది చాలు.

బయటికి వచ్చిన రోజు, తర్వాత

బాబు పరీక్షలు అయ్యేదాకా ఆగుతానన్నారు. నాకు టెన్షన్‌గా ఉన్నా కాదనలేదు. ప్రతి సిట్టింగులోనూ ప్రమాద అంచనా మళ్లీ చూసుకుంటూ వచ్చాం. వెళ్లాల్సింది ఇంటి నుంచి కాదని ముందే నిర్ణయించుకున్నాం. పనిరోజున మామూలుగా ఆఫీసుకు వెళ్లి, సీటు ఫొటో పంపి, అక్కడి నుంచి బాబు స్కూలుకి, స్కూలు నుంచి ఆశ్రయ కేంద్రానికి వెళ్లారు. ఇంట్లోంచి ఏమీ తీసుకోలేదు. అక్క ఇంటికి వెళ్లలేదు, ఆయన మొదట వెతికేది అక్కడే. అలాగే వెతికారు కూడా. స్కూలు ప్రిన్సిపాల్‌కీ ఆఫీసు సెక్యూరిటీకీ ముందుగానే సమాచారం ఉంది.

ఆ తర్వాతి వారాలు అంతకుముందు ఏడాది కంటే కష్టమైనవి. మొదట ప్రేమ సందేశాలు, క్షమాపణలు, మారిపోతానన్న ప్రమాణాలు. తర్వాత, నువ్వు రాకపోతే చచ్చిపోతానన్నారు. ఆమె బయల్దేరబోయారు. ఇలాంటి బెదిరింపును తేలిగ్గా తీసుకోకూడదు, అలాగని ఆమె వెళ్లకూడదు. ఆ మాట నిజమైతే ఆయనకు కావాల్సింది అత్యవసర వైద్యం, అబద్ధమైతే ఆమెకు అది ఉచ్చు. రెండింటిలోనూ చెయ్యాల్సింది ఒకటే. అత్యవసర సేవలకీ ఆయన అన్నయ్యకీ ఫోన్ చేయించాం. వాళ్లు వెళ్లి చూశారు, ఆసుపత్రికి తీసుకెళ్లారు. ఆ తర్వాత ఆయన మాట తీరు మారింది. ఆమెకు మతి స్థిమితం లేదని, పిల్లాడిని తనకే అప్పగించాలని పిటిషన్ వేశారు. నాకూ ఫోన్ చేసి ఫైలు నకలు అడిగారు. పేషెంటు అనుమతి లేకుండా ఆమె నా దగ్గరకు వస్తున్నారో లేదో కూడా చెప్పలేనన్నాను.

ఆమె ఒకసారి వెనక్కి వెళ్లిపోతానన్నారు. “ఆ ఇంట్లో భయం ఎటునుంచి వస్తుందో తెలిసేది, ఇక్కడ తెలియడం లేదు.” చాలామంది ఒకటికి రెండుసార్లు వెళ్లి మళ్లీ వస్తారు. వెళ్తే మళ్లీ మా తలుపు తట్టడానికి సిగ్గుపడవద్దని మాత్రం చెప్పాను. వెళ్లలేదు. రక్షణ ఉత్తర్వు వచ్చాక కొంచెం ఊపిరి తీసుకున్నారు.

ఏడాది తర్వాత పరిస్థితి ఇది. తలనొప్పి నెలలో ఒకటి రెండుసార్లు, అదీ కోర్టు వాయిదా దగ్గరపడితే. తలుపు చప్పుడుకి ఉలిక్కిపడటం, పీడకలలు ఇంకా ఉన్నాయి, గాయానంతర మానసిక ఒత్తిడికి (పీటీఎస్‌డీ) చికిత్స జరుగుతోంది. బాబు మొదట్లో తల్లిని “నాన్నకి చెప్తా” అని బెదిరించేవాడు. ఇంట్లో నేర్చుకున్న ఒకే ఒక్క ఆయుధం అది. పిల్లల సైకాలజిస్టు దగ్గరికి వెళ్తున్నాడు, తండ్రిని అధికారుల సమక్షంలో కలుస్తున్నాడు. సంరక్షణ కేసు తేలలేదు.

మతిస్థిమితం లేదన్న ఆరోపణకు కోర్టులో జవాబుగా నిలిచినవి, ఆమె రాతపూర్వక అనుమతితో నేను ఇచ్చిన జ్ఞాపకశక్తి పరీక్ష ఫలితాలూ సిట్టింగ్ నోట్సూ. కాబట్టి ఈ పనిలో ఉన్నవాళ్లకి ఒక విన్నపం. ‘కుటుంబ కలహాలు’, ‘భర్తతో సర్దుబాటు సమస్య’ అని రాయకండి. ఎవరు ఎవరికి ఏం చేశారో రాయండి. ఆమె అన్న మాటలను కొటేషన్లలో ఆమె మాటల్లోనే పెట్టండి. ‘ఆరోపిస్తున్నారు’ అనే బదులు ‘చెప్పారు’ అనండి. తేదీ, టైము వేయండి. గొంతు ఎలా పట్టుకున్నారో, ఒక చేత్తోనా రెండు చేతులతోనా, ఎంతసేపో, తర్వాత గొంతు ఎలా ఉందో రాసుకోండి. ఆ ఫైలు ఇంటికి వెళ్లే కాగితాలతో కలవకుండా విడిగా తాళం వేసి ఉంచండి.